తొంభైల పెట్టె: పది గుంతలు, పది వాసిత్ దిర్హమ్‌లు

జనవరి 16

పెట్టె వచ్చేసింది. సైట్లో మిగిలిపోయిన టేకు ముక్కతో మా కార్పెంటరే చేసిచ్చాడు, పైన ఐదు గుంతలు కింద ఐదు, ఒక్కోటి 30 మిల్లీమీటర్లు, హోల్ సా పెట్టి కోసి అంచులన్నీ ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్ది మరీ ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు గానీ ఇందులో ఏం పెడతావ్ గులాబ్ జామా అని మాత్రం అడిగాడు. వెండి నాణేలు అంటే నమ్మలేదు, డ్రాఫ్ట్స్‌మన్ జీతానికి వెండి నాణేలేంటి అన్నట్టు చూశాడు.

అంత సీన్ లేదు నిజానికి. రెండేళ్ళ కింద ఆగస్టులో ఎండకి తట్టుకోలేక, ఏసీ కోసమే అనుకోండి, షార్జాలో ఇస్లామిక్ సివిలైజేషన్ మ్యూజియంలో దూరా. అక్కడ పాత నాణేల అద్దాల పెట్టెల ముందు గంటసేపు నిలబడిపోయా. నా జేబులో కాఫీ కూజా బొమ్మ ఉన్న ఇక్కడి ఎమిరేట్స్ దిర్హమ్ ఉంది, అద్దం అవతల పదమూడు వందల ఏళ్ళ నాటి దిర్హమ్ ఉంది, పేరు అదే. వెడల్పులో పాతదే కొంచెం పెద్దది, బరువులో మాత్రం మన జేబులోదాంట్లో సగం కూడా ఉండదు, అంత పల్చన. గ్రీకుల ద్రక్మా పర్షియాకొచ్చి ద్రహ్మ్ అయ్యి, అరబ్బులకి దిర్హమ్ అయ్యి, సంస్కృతంలో ద్రమ్మం అయ్యింది, ఆ ద్రమ్మం దామ్‌గా అరిగి అరిగి మన దాకా వచ్చేసరికి దమ్మిడీ అయ్యింది. ఇంట్లో రోజూ తిట్టడానికి వాడే మాట ఇంత దూరం తిరిగొచ్చిందా అనిపించింది.

ఆ సంవత్సరమే మొదటిది కొన్నా, ముస్లిం క్యాలెండర్ లెక్కలో హిజ్రీ 95, ఇరాక్‌లో వాసిత్ అనే పాత ఊళ్ళో కొట్టింది. ఇప్పటి దిర్హమ్‌లు 280 పోసి అప్పటి దిర్హమ్ ఒకటి. ఇంట్లో చెప్పలేదు. ఆ తర్వాత ఇంకో మూడు కొన్నా గానీ ఒక పద్ధతీ పాడూ లేదు, ఏది చవగ్గా కనిపిస్తే అది. ఈ ఏడాది నుంచి పద్ధతి ఏంటంటే ఒకే ఊరు ఒకే దశాబ్దం: వాసిత్ టంకసాలలో హిజ్రీ 90 నుంచి 99 దాకా, ఏడాదికి ఒకటి. మన లెక్కలో 708 చివర నుంచి 718 దాకా. లెక్క సులువే, హిజ్రీ అంకెని 0.97తో గుణించి 622 కలిపితే దాదాపుగా వచ్చేస్తుంది. హిజ్రీ ఏడాది మన ఏడాది కన్నా పది పదకొండు రోజులు పొట్టి కదా, అందుకని.

గుంతల్లో పరవడానికి నల్ల రబ్బరు షీటు కోద్దామనుకున్నా, వెండి దానిమీద బాగా ఎత్తి కనబడుతుందని. ముందు నా వెండి ఉంగరం ఒకటి రెండు వారాలు దానిమీద పెట్టి చూశా. కింది వైపు బొగ్గులా అయ్యింది, రబ్బరులో గంధకం ఉంటుంది మరి. రబ్బరు చెత్తబుట్టలోకి పోయింది, ఇప్పుడు తెల్ల కాటన్ గుడ్డ.

జనవరి 31

చదవడం మొదలుపెట్టా. ఇదే అసలు పని, కొనడం ఎవడైనా కొంటాడు.

ఈ దిర్హమ్‌ల మీద బొమ్మ ఉండదు. అంతకుముందు అరబ్బులు కొట్టినవాటి మీద ఉండేది, పర్షియా సాసానీ రాజుల అచ్చే కొనసాగించి, ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు తల, ఇంకోవైపు అగ్నివేదిక, పక్కన చిన్నగా బిస్మిల్లా. అబ్దుల్ మలిక్ ఖలీఫా ఈ వ్యవహారం మొత్తం మార్చేశాడు, హిజ్రీ 77లో బంగారు దీనారం, 79కల్లా వెండి దిర్హమ్, అక్షరాలు తప్ప ఇంకేమీ లేకుండా. రాజు పేరు కూడా లేదు! మన నాణెం మీద ముఖం లేకపోతే ఊరుకుంటామా, వీళ్ళు పేరు కూడా తీసేశారు. ఊరు ఉంటుంది, సంవత్సరం ఉంటుంది, మిగతాదంతా దైవవాక్యం.

మధ్యలో మూడు లైన్లు, అల్లా తప్ప దేవుడు లేడు, ఆయన ఒక్కడే, ఆయనకి సాటి లేరు అని. దాని చుట్టూ గుండ్రంగా ఇంకో లైను, నాకు కావాల్సింది అదే: 'బిస్మిల్లా, దురిబ హాదా అద్దిర్హమ్ బి వాసిత్ ఫీ సనత్...' అంటే దేవుడి పేరుతో, ఈ దిర్హమ్ వాసిత్‌లో ఫలానా ఏడాది కొట్టబడింది అని. దురిబ అంటే అచ్చంగా 'కొట్టబడింది'. మా నానమ్మ దగ్గర చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి ఒకటి ఉండేది, దానిమీద జర్బ్ అని హైదరాబాద్ పేరుకి ముందు ఉంటుంది, అదీ ఈ మాటే. నాణెం 'కొట్టడం' అని మనమూ అంటాం.

ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది. మా ఆఫీసులో ఈజిప్టు అకౌంటెంట్ ఉన్నాడు, అరబ్బీ ఆయన మాతృభాష, ఫోటో చూపిస్తే చదివేస్తాడనుకున్నా. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, జూమ్ చేశాడు, చివరికి ఇది అరబ్బీ లాగా ఉంది గానీ అరబ్బీ కాదు అన్నాడు. ఎందుకంటే ఇది కూఫీ అనే పాతకాలపు అరబ్బీ లిపి, చుక్కలు లేవు. అరబ్బీలో చుక్కలు తీసేస్తే బ, త, థ, న, య ఐదూ మాట మధ్యలో ఒకే ఒక్క పంటి గీత. మనకి ప, ఫ, ష, వ తలకట్లూ పొట్టలో గీతలూ తీసేసి చదవమంటే ఎట్లా ఉంటుందో అట్లా.

చదివింది మా రూమ్మేట్. హైదరాబాద్ పాతబస్తీ ఆయన, అరబ్బీ మాట్లాడడం రాదు, అర్థం కూడా పెద్దగా తెలియదు, కానీ చిన్నప్పుడు మదర్సాలో ఖురాన్ కంఠతా పట్టాడు. నాణెం వెనకవైపు ఫోటో తిప్పి చూసి రెండు నిమిషాల్లో పట్టేశాడు. "అరే ఇది ఖుల్ హువల్లా కదా భాయ్, రోజూ నమాజులో చదివేదే. మరి ముందు ఉండాల్సిన 'ఖుల్ హువ' ఏది?" అని. నిజమే, నాణెం మీద ఆ రెండు మాటలు వదిలేసి 'అల్లాహు అహద్' నుంచి మొదలుపెట్టారు. తెలిసిన పద్యం అయితే అక్షరాలు అరిగిపోయినా నోరు దానంతటదే చదివేస్తుంది. మా తాతకి సుమతీ శతకం పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా తేడా ఉండేది కాదు.

సంవత్సరం మాత్రం కంఠతా వచ్చేది కాదు కదా, అంకెల్లో కూడా ఉండదు, మాటల్లో ఉంటుంది. ఒకట్ల మాట ముందు, తర్వాత 'వ', తర్వాత పదుల మాట. 95 అంటే ఖమ్స్ వ తిస్ఈన్, ఐదూ తొంభై.

ఫిబ్రవరి 13

ఫోటోల సెటప్. ఖర్చు మొత్తం 60 దిర్హమ్‌లు, రెండు టేబుల్ ల్యాంపులకి. ఫోన్‌ని పుస్తకాల దొంతర మీద బోర్లా పెట్టి కిందకి చూసేలా ఉంచా. మొదట లైటు పైనుంచి వేశా, నాణెం మొత్తం తెల్లటి రేకులా మెరిసింది తప్ప ఒక్క అక్షరం లేదు. ల్యాంపుని దాదాపు టేబుల్‌కి ఆనించి పక్కనుంచి వేస్తే ఒక్కో పంటి నీడ పడి అక్షరం లేచి నిలబడింది. సాయంత్రం ఎండలో ఇసుక మీద అడుగుల గుర్తులు కనబడతాయి, మధ్యాహ్నం కనబడవు, అంతే తేడా.

గుండ్రంగా ఉన్న లైనుని మెడ తిప్పుకుంటూ చదవలేక గింప్ అనే ఫోటోల సాఫ్ట్‌వేర్‌లో ఒక చిట్కా పట్టా. ఫోటోని నాణెం అంచుల దాకా చతురస్రంగా కత్తిరించి, ఫిల్టర్లలో డిస్టార్ట్స్ కింద పోలార్ కోఆర్డినేట్స్ అని ఉంటుంది, అందులో 'టు పోలార్' టిక్ తీసేస్తే చక్రం కాస్తా పట్టీలా సాగి తిన్నగా పడుతుంది. కేంద్రం సరిగ్గా మధ్యలో లేకపోతే లైను పాములా మెలికలు తిరుగుతుంది, నాకు మూడోసారికి కుదిరింది. ఆ పట్టీని ఆటోక్యాడ్‌లోకి తెచ్చుకుని కింద ఒక బేస్‌లైన్ గీసి ఒక్కో అక్షరం మీద పాలీలైన్ లాగా. ఆఫీసులో డ్రైనేజీ లైన్లకి చేసే పనే, ఇంటికొచ్చి దీనికి చేస్తున్నా.

ఫిబ్రవరి 22

చెడగొట్టేశా. 94.

చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. దానిమీద ఊదా, గోధుమ రంగు కలిసిన మచ్చ ఒకటి సంవత్సరం మాట మీదే కూర్చుంది. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే చింతపండేసి తోము, కుందులు తోమినట్టు, అంది. పులుపు పెట్టకూడదని అంత వరకు తెలుసు నాకు, ఆ తెలివితోనే ఇంకా పెద్ద తప్పు చేశా, గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి వేడినీళ్ళు సోడా పొడి వేసి ముంచా. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది, మచ్చ కొంచెం పోయింది, దాంతోపాటు వందల ఏళ్ళుగా పట్టిన నిగారింపు మొత్తం పోయి సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా, చప్పగా అయిపోయింది. అక్షరాల మధ్య ఉన్న ముదురు రంగు వల్లే కదా అవి చదవడానికి వీలయ్యేది, ఇప్పుడు ముందుకన్నా చదవడం కష్టం.

మామకి ఫోటో పెట్టా. మా మేనమామ కరీంనగర్‌లో వెండి తీగపని చేస్తాడు, నలభై ఏళ్ళ నుంచి, జుట్టు కన్నా సన్నటి తీగని పట్టకారుతో మెలిపెట్టి నెమళ్ళు, పూలబుట్టలు చేస్తాడు. వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఏంది అల్లుడూ, గిట్ల జేసినవ్. కొత్త వెండికి మెరుపు అందం, పాత వెండికి మైలే అందం. నన్నడిగితే చెప్పకపోదునా." అడగలేదు మరి. ఇప్పుడు నా పద్ధతి ఒక్కటే, డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా, మెత్తటి గుడ్డమీద అద్ది ఆరబెట్టడం, రుద్దడం లేదు. మట్టి ఇంకా ఉంటే ఇంకో రాత్రి. జిడ్డు ఉంటే అసిటోన్, అదీ కిటికీ తెరిచి. అంతకు మించి దేనికీ చెయ్యి పెట్టను. పురావస్తువుల్లో పనిచేసేవాళ్ళు మైక్రోస్కోప్ కింద ముల్లుతో తీస్తారు ఆ మచ్చల్ని, నా దగ్గర ఉన్నది పిన్నీసు, అది చాలా దూరం.

94ని పెట్టెలో దాని గుంతలోనే ఉంచా. తీసేయడానికి మనసొప్పలేదు.

మార్చి 8

బరువులు. 2.9 గ్రాముల చుట్టూ ఉండాలి ఇవి. నావి 2.88, 2.91, 2.84, 2.90, ఒకటి మాత్రం 2.61, దాని అంచు ఒకవైపు కత్తిరించినట్టు ఉంది, ఎవడో పదమూడు వందల ఏళ్ళలో ఎప్పుడో ఒక చిన్న తునక కోసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ దొంగ ఎవరో గానీ నాకు వాడంటే కోపం రావట్లేదు.

నకిలీల భయం ఉంది కాబట్టి సాంద్రత కూడా చూద్దామనుకున్నా. తక్కెడ మీద నీళ్ళ గ్లాసు పెట్టి జీరో చేసి, నాణేన్ని దారంతో కట్టి అడుగుకి తగలకుండా నీళ్ళలో వేలాడదీస్తే అది తోసిన నీటి బరువు తక్కెడ చూపిస్తుంది. మొదటిది 2.88 గ్రాములు, నీళ్ళు 0.28. భాగిస్తే 10.29. మేలిమి వెండి 10.5 కదా, ఇందులో కొంచెం రాగి కలుస్తుంది కదా, భలే అనుకుని మామకి గొప్పగా చెప్పా. తర్వాత కూర్చుని ఆలోచిస్తే నా తక్కెడ రెండు దశాంశాలదే, ఆ 0.28 కాస్తా 0.27 అయితే 10.67, 0.29 అయితే 9.93! అంటే వెండి కన్నా బరువైన వెండి నుంచి గట్టిగా రాగి కలిపిన వెండి దాకా ఏదైనా కావొచ్చు. ఇట్లాంటి పల్చటి బిళ్ళకి మూడు దశాంశాల తక్కెడ లేకుండా ఈ పరీక్ష దండగ. సీసం బిళ్ళకి వెండి పూతేస్తే పట్టుకుంటుందా అంటే సీసం 11.3, దాన్నీ ఈ తక్కెడ పట్టుకుంటుందో లేదో అనుమానమే.

మామ మాత్రం గీటురాయి మీద ఒక్క గీత గియ్యి, యాసిడ్ చుక్కెయ్యి, తెలిసిపోతది అంటాడు. గీత గియ్యను మామా అంటే నవ్వుతాడు. ఆయన ఫోటోల్లోనే ఇంకొన్ని చెప్పాడు, అవి నాకు ఎక్కువ పనికొచ్చాయి. ఒక నాణెం మీద ప్రతి అక్షరానికీ పక్కనే దాని నీడలాగా ఇంకో గీత ఉంటే అది అచ్చు తప్పు కాదట, మొదటి దెబ్బకి బిళ్ళ ఎగిరి కొంచెం జరిగి రెండో దెబ్బ పడిందట. "కింద అచ్చు దాకట్ల బిగించిండు, మీదిది చేత్ల పట్టిండు, సుత్తెతోని కొట్టిండు. గిది దెబ్బ మీద దెబ్బ." పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొన బుడగలు ఉంటాయని కూడా ఆయనే చూపించాడు, వాళ్ళ కొట్లో పోత పోసిన చిలక ఒకటి కెమెరా ముందు తిప్పి తిప్పి. అచ్చంగా అచ్చు చెక్కి కొట్టిన కొత్త నకిలీలకి ఈ లక్షణాలేవీ దొరకవు గానీ, అంత శ్రమ వాళ్ళు 280 దిర్హమ్‌ల సరుకు మీద పెట్టరులే అని నా ధైర్యం.

ఏప్రిల్ 5

ఆరు నిండాయి: 90, 92, 93, 94, 95, 97. 90ది చదవడం అన్నిటికన్నా హాయి, ఒకట్ల మాటే ఉండదు, 'ఫీ సనత్ తిస్ఈన్' అంతే.

92, 93 పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశా ఇవాళ. ఈ వాసిత్ ఊరు కట్టిందే హజ్జాజ్ బిన్ యూసుఫ్ అని ఇరాక్ గవర్నరు, చాలా కర్కోటకుడని పేరు. కూఫాకీ బస్రాకీ మధ్యలో కట్టాడు కాబట్టి వాసిత్, అంటే 'నడుమది'. సిరియా సైన్యాన్ని ఈ ఊళ్ళో పెట్టి, ఎప్పుడూ తిరగబడే ఆ రెండు ఊళ్ళ మీదా కన్నేసి ఉంచాడు. హిజ్రీ 84 నుంచి ఇక్కడ నాణేలు కొట్టారు. ఈయన పంపిన బంధువు కుర్రాడే ముహమ్మద్ బిన్ ఖాసిమ్, 711, 712ల్లో సింధుని పట్టుకున్నవాడు, అంటే నా చేతిలో ఉన్న ఈ రెండు బిళ్ళలు టంకసాలలో వేడి వేడిగా దిగుతున్న రోజులే. అదే 92లో ఇంకో చివర తారిఖ్ సముద్రం దాటి స్పెయిన్‌లో దిగాడు. అప్పుడు మన దగ్గర వేంగిలో తూర్పు చాళుక్యులు, వాళ్ళకి ఈ గోల ఏమీ తెలిసి ఉండదు.

95లో హజ్జాజ్ పోయాడు. 96లో కొత్త ఖలీఫా సులేమాన్ వచ్చాడు, ఆయనకి హజ్జాజ్ మనుషులంటే పడదు. సింధు గెలిచిన కుర్రాణ్ణి వెనక్కి పిలిపించి ఎక్కడ జైల్లో పెట్టారంటే ఇదే వాసిత్‌లో. అక్కడే చిత్రహింస పెట్టి చంపారని బలాధురీ అనే పాత చరిత్రకారుడు రాశాడు. నాణేల మీద మాత్రం ఏమీ తెలియదు. ఖలీఫా మారినా గవర్నరు చచ్చినా అవే వాక్యాలు, అదే కొలత, సంవత్సరం మాట ఒక్కటే మారుతుంది. ఈ ఊరు కూడా ఇప్పుడు లేదు, టైగ్రిస్ నది దారి మార్చుకుంటే జనం లేచిపోయారు, ఇరాక్‌లో కూత్ ఊరికి ఆగ్నేయంగా దిబ్బలే మిగిలాయి.

ఆ దిబ్బల గురించే ఇంకో మాట. ఇరాక్ నుంచి 1990 ఆగస్టు తర్వాత అక్రమంగా బయటికొచ్చిన పురాతన వస్తువుల కొనుగోలు అమ్మకాలని 2003లో భద్రతా మండలి 1483 తీర్మానంతో నిషేధించింది. వాసిత్ దిర్హమ్‌లు అప్పట్లోనే సగం ప్రపంచం తిరిగాయి, స్వీడన్ గాట్లాండ్ దీవి పొలాల్లో కూడా అరబ్బీ దిర్హమ్‌లు కిలోల లెక్కన తవ్వుకున్నారు, కాబట్టి వాసిత్‌ది అన్నంత మాత్రాన ఇరాక్‌లో తవ్విందని కాదు. అయినా పాత సేకరణ చీటీ గానీ పాత బిల్లు గానీ లేకుండా మట్టితో ఉన్నది నేను ముట్టుకోను. మార్చిలో ఒకాయన మట్టితో కలిపి ముప్ఫై నాణేలు సగం రేటుకి ఇస్తానన్నాడు. 98 అందులో ఉందేమో అని రెండు రోజులు నిద్ర పట్టలేదు, అబద్ధమెందుకు. వద్దన్నా.

మే 17

96 వచ్చింది, దాని గురించి రాయడానికేమీ లేదు, మంచిది, చక్కగా చదవొచ్చు. 99 వచ్చింది, దాని గురించే ఇవాళంతా.

ఏడు అంటే సబ్అ, తొమ్మిది అంటే తిస్అ. చుక్కలు ఉంటే వీటికీ వాటికీ పోలికే లేదు. చుక్కలు లేకపోతే? సబ్అలో సీన్ అక్షరానికి మూడు పళ్ళు, బకి ఒక పన్ను, మొత్తం నాలుగు, తర్వాత ఐన్ అనే అక్షరం. తిస్అలో తకి ఒక పన్ను, సీన్‌కి మూడు, మొత్తం నాలుగు, తర్వాత ఐన్. దువ్వెన లాగా నాలుగు పళ్ళు, ఇటైనా అటైనా నాలుగే! తేడా ఎక్కడుందంటే ఎత్తులో. సీన్ పళ్ళు మూడూ పొట్టివి, బ గానీ త గానీ పన్ను కొంచెం పొడుగు చెక్కుతారు. కుడి నుంచి చదివితే పొడుగు పన్ను చివర వస్తే ఏడు, మొదట వస్తే తొమ్మిది. ఈ దశాబ్దంలో ఇంకో వెసులుబాటు ఏంటంటే 'తొంభై' అనే తిస్ఈన్ ప్రతి నాణెం మీదా ఎట్లాగూ ఉంటుంది, అది త తోనే మొదలవుతుంది, అంటే పోల్చుకోడానికి అసలైన నమూనా అదే నాణెం మీద అదే చేత్తో చెక్కింది మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఉంది. రెండు మాటల మొదలూ ఒకేలా ఉంటే 99, వేరేగా ఉంటే 97.

కొత్తదాన్ని ఆటోక్యాడ్‌లో పెట్టి గీశా. ఒకట్ల మాటలో పళ్ళు వరసగా 0.5, 0.5, 0.4, 0.8. నాలుగోది పొడుగు. అమ్మినాయన చీటీ మీద 99 అని స్పష్టంగా ఉంది, నా ముందు ఉన్నది మాత్రం 97. 97 నా దగ్గర ఫిబ్రవరి నుంచీ ఉంది. 340 దిర్హమ్‌లు. మెసేజ్ పెడితే చీటీ పాతది, మేము రాసింది కాదు, వాపసు లేదు అన్నారు. మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సాయంత్రం ఊరికే, పక్కపక్కన పెట్టి డ్రాయింగ్ చేద్దాం కనీసం అని ఫిబ్రవరి 97ని తీశా. దాన్ని నేను ఎప్పుడూ కొలవలేదు, చీటీ మీద 97 అని ఉంది, కళ్ళకి నాలుగు పళ్ళు కనబడ్డాయి, సరే అనుకుని గుంతలో పెట్టేశా. పట్టీ సాగదీసి గీస్తే 0.8, 0.5, 0.5, 0.5. మొదటిది పొడుగు. పక్కన తిస్ఈన్ కూడా 0.9, 0.5, 0.5, 0.5.

అంటే 97 అనుకున్నది 99, 99 అని కొన్నది 97. రెండు చీటీలూ తప్పే, రెండు గుంతలూ నిండాయి!

నమ్మబుద్ధి కాలేదు, నాకు కావాల్సినట్టు నేను చూస్తున్నానేమో అని. రూమ్మేట్‌కి ఏది ఏదో చెప్పకుండా రెండు పట్టీలూ ప్రింటు తీసిచ్చి, ఏ పట్టీలో రెండు మాటల మొదలు ఒకేలా ఉంది అని మాత్రం అడిగా. ఫిబ్రవరిదే చూపించాడు. రెండోసారి కాగితాలు మార్చి ఇస్తే, "భాయ్ ఎన్నిసార్లు అడుగుతావ్, ఇదే" అన్నాడు. అప్పుడు బిర్యానీ తెప్పించా.

తమాషా ఏంటంటే ఖురాన్ తప్పు చదవకుండా అక్షరాలకి చుక్కలు పెట్టించింది ఆ హజ్జాజేనని అంటారు, చిన్నప్పుడు తాయిఫ్‌లో బడిపంతులుగా కూడా చేశాడట. ఆయన సొంత ఊరి నాణెం మీద మాత్రం ఒక్క చుక్క లేదు, నా 340 దిర్హమ్‌ల గుండెనొప్పి ఆయన ఖాతాలోనే రాసుకోవాలి.

మే 24

ఆ దెబ్బతో అన్నిటినీ మళ్ళీ మొదటి నుంచి చదివా, చీటీలు పక్కన పడేసి. 93లో మూడు అంటే థలాథ్, 98లో ఎనిమిది అంటే థమాన్, మొదటి పన్నూ ఆ పక్కనున్న లామ్, మీమ్ అక్షరాలూ అరిగితే కొంచెం మోసం చేస్తాయి, నాది 93నే. 95లో ఖమ్స్ మొదటి అక్షరం కొక్కెంలా ఉంటుంది, దాన్ని దేంతోనూ కలపలేం. 94 మాత్రం నేను సోడాతో కడిగిన పుణ్యాన అర్బఅ, అంటే నాలుగు, అనే మాటలో సగం ఊహించుకోవాల్సి వచ్చింది.

జూన్ 20

బయట తేమ విపరీతం. పెట్టె పక్కన సిలికా జెల్ పొట్లాలు నాలుగు పెట్టా, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చేవే. ప్లాస్టిక్ కవర్లలో ఉన్న ఒకటి రెండింటికి ఆకుపచ్చ జిగురు పట్టబోతుందని అనుమానం వచ్చి, పీవీసీ కవర్లన్నీ పారేసి కాగితం కవర్లలోకి మార్చా.

ఎనిమిది ఉన్నాయి. 91, 98 లేవు. 98 ఒకటి వేలంలో చూశా, నేను అనుకున్నదానికి రెండింతలు దాటాక కళ్ళు మూసుకున్నా.

జులై 11

వచ్చే వారం ఇంటికి. పెట్టె తీసుకురా చూస్తా అని మామ ఒకటే గోల. తేలేను మామా అని చెప్పా. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటింది దేశంలోకి వెళ్తే మళ్ళీ మామూలు మనిషి బయటికి తీసుకెళ్ళడానికి లేదు, లోపలికి తెచ్చేటప్పుడు కస్టమ్స్ దగ్గర దీనికి ఏం కథ చెప్పాలో అదొకటి. పెట్టె ఇక్కడే రూమ్మేట్ బీరువాలో ఉంటుంది. మామకి దానికి బదులుగా ఆటోక్యాడ్ డ్రాయింగులు పంపా, 97, 99 రెండు మాటలవీ, ఇరవై రెట్లు పెద్దవి చేసి ఏ3 కాగితం మీద ప్రింటు తీసుకునేట్టు.

ఆగస్టు 2, కరీంనగర్

మామ కొట్లో కూర్చున్నా. ఆ డ్రాయింగులు గోడకి అంటించుకుని, నేను వచ్చేలోపే రెండు మాటలనీ వెండి తీగతో చేసేశాడు, అరచేతిలో పట్టేంత రెండు బిళ్ళలు, చుట్టూ మెలితీగ అంచు, లోపల సన్నటి చుట్టల పని, వెలిగారం పెట్టి అతికించాడు, అతుకు ఎక్కడుందో కనబడట్లేదు. ఏదేదో గుర్తుపట్టు అన్నాడు.

ఒకదాంట్లో నాలుగు పళ్ళు. ఇంకోదాంట్లో నాలుగు పళ్ళు. స్కేలు పెట్టి కొలిచా, ఎనిమిది పళ్ళూ ఒకే ఎత్తు, ఒక్క వెంట్రుక తేడా లేదు.

"పొడుగు పన్ను ఏది మామా?"

"గదా? ప్రింట్ల వంకరొచ్చింది అనుకున్న. సాపు జేసిన."